గండమాలకూ అర్బుదానికీ నడుమ

సుశ్రుత సంహిత నిదానస్థానంలో గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అనే నాలుగు రోగాలను ఒకే అధ్యాయంలో చేర్చి చెప్పారు. వాటిని ఒకచోట చేర్చడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు. నాలుగూ పైకి వాపులే. నాలుగూ కంటికీ చేతివేళ్ళకూ ఇంచుమించు ఒకే తీరుగా తగులుతాయి. ఒకటి చితికి మానేలోపు పక్కన మరొకటి లేచేదాన్ని అపచి అన్నారు. గుండ్రంగా, కదలకుండా, పెద్దగా నొప్పి లేకుండా నెమ్మదిగా పెరుగుతూ చీము పట్టనిదాన్ని అర్బుదం అన్నారు. మెడచుట్టూ పూసల్లా వరస కట్టిన బిళ్ళలకు గండమాల అని పేరు. చీము పడుతుందా పట్టదా అన్న ఒక్క గుర్తును ఆధారం చేసుకొని, రెండు వేర్వేరు మృత్యుమార్గాలను విడదీయబోయిన ఆ పరిశీలకుల చూపుకు నమస్కరించకుండా ఉండలేము.

అయితే ఆ గుర్తు చాలదు. అది చాలదని తెలియడానికి వైద్యలోకానికి శతాబ్దాలు పట్టింది. తెలిసిన తరువాత కూడా, మన ఊళ్ళలో మెడమీద బిళ్ళ కట్టిన పిల్లవాడి విషయంలో ఆ తెలివి సకాలంలో అక్కరకు రావడం లేదన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ.

నేను వైద్యుణ్ణి కాను. వైద్యచరిత్ర చదువుకునే అలవాటున్న సామాన్య పాఠకుణ్ణి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శరీరంలో ఏళ్ళ తరబడి కాపురముండే వైరసులతో ముడిపడిన లింఫోమాలను గుర్తించడంలో జరిగే ఆలస్యానికి వైద్యుల నిర్లక్ష్యాన్నో రోగుల అజ్ఞానాన్నో నిందించడం మనకు పరిపాటి. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం ఆ జబ్బు స్వభావంలోనే ఉంది. అంటురోగపు కడుపున పుట్టిన అర్బుదానికి తల్లి పోలికలే వస్తాయి: అదే జ్వరం, అవే రాత్రి చెమటలు, అదే బరువు తగ్గడం, అవే బిళ్ళలు. అందువల్ల "ముందు మందు వేసి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అన్న మన వాడుక, వేరే జబ్బుల్లో ఎంత ఇంగితమనిపించినా, ఇక్కడ మాత్రం హాని చేస్తుంది.

పరిభాష గురించి ఒక మాట. వైరస్‌ను విషాణువు అనేవారున్నారు, లింఫ్ గ్రంథులను లసిక గ్రంథులనీ శోషరస గ్రంథులనీ అనేవారున్నారు. ఆ ప్రయత్నాలపై నాకు గౌరవమే. కానీ కాలికి దెబ్బ తగిలితే "గజ్జల్లో బిళ్ళ కట్టింది" అనే మా అమ్మమ్మ మాటకన్నా స్పష్టమైనది నాకు దొరకలేదు. గాయం ఒకచోట, బిళ్ళ ఇంకొకచోట అన్న శరీరశాస్త్ర రహస్యం ఆ మాటలోనే ఉంది. కాబట్టి ఇక్కడ బిళ్ళ అనే వాడతాను.

ఇప్పుడు అసలు కథ. 1832లో లండన్ గైస్ హాస్పిటల్‌లో పనిచేస్తున్న థామస్ హాడ్జ్‌కిన్ బిళ్ళలూ ప్లీహమూ పెరిగి మరణించిన ఏడుగురి గురించి ఒక పత్రం సమర్పించాడు. సూక్ష్మదర్శిని సాయం లేకుండా, శవపరీక్షలో కంటికి కనబడినదాన్నే వర్ణించాడు. తరువాతి కాలపు పరిశీలనలో తేలినదేమిటంటే, ఆ ఏడుగురికీ ఉన్నది ఒకే జబ్బు కాదు. అంటే హాడ్జ్‌కిన్ జబ్బును వర్ణించిన మొట్టమొదటి పత్రంలోనే ఆ జబ్బు కానివారు కలిసిపోయి ఉన్నారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నేటి చిన్న పట్టణపు వైద్యుడిమీద నాకు కాస్త జాలి కలుగుతుంది.

1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బెర్గ్ ఈ బిళ్ళల్లో కనబడే విచిత్రమైన పెద్ద కణాలను వివరంగా వర్ణించాడు. అయితే వాటిని ఆయన ఏమనుకున్నాడు? క్షయ అనుకున్నాడు! లింఫ్ వ్యవస్థకు సోకే ఒక విశిష్టమైన క్షయ అని పత్రం శీర్షికలోనే ప్రకటించాడు. ఆయన చూసిన రోగుల్లో పలువురికి నిజంగానే క్షయ కూడా ఉండడం ఆ భ్రమను బలపరచింది. నాలుగేళ్ళ తరువాత, 1902లో, జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న యువతి డొరోతీ రీడ్ అవే కణాలను చూసి, బొమ్మలు గీసి, ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని తేల్చి చెప్పింది. నేటికీ ఆ కణాలను ఇద్దరి పేర్లూ కలిపి రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలంటారు. ఒకే కణాన్ని చూసి ఇద్దరూ చెరొక తీర్పు ఇచ్చారు. పేరులో మాత్రం పక్కపక్కనే నిలిచిపోయారు.

స్టెర్న్‌బెర్గ్ పొరపడ్డాడన్నది నిజమే. కానీ ఇందులో ఒక వింత ఉంది. 1980ల చివరలో పరిశోధకులు ఆ పెద్ద కణాల్లో ఒక వైరస్ జన్యుపదార్థం ఉన్నట్టు కనుగొన్నారు. అన్ని హాడ్జ్‌కిన్ రోగుల్లోనూ కాదు, కొందరిలోనే. అయితే మన దేశం వంటి చోట్ల, ముఖ్యంగా పిల్లల్లో, ఆ వాటా బాగా ఎక్కువ. అంటే ఈ జబ్బు వెనుక ఒక సూక్ష్మజీవి ఉందన్న స్టెర్న్‌బెర్గ్ అనుమానం పూర్తిగా వట్టిది కాదు. ఆయన దొంగ ఉన్నాడని సరిగానే పసిగట్టి, పట్టుకోవడం మాత్రం పక్కింటివాణ్ణి పట్టుకున్నాడు.

ఆ వైరస్ దొరికిన కథ కూడా రోగనిర్ధారణలోని తికమక నుంచే మొదలైంది. 1957లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు, దవడలు నాలుగు వైపులా వాచిన ఒక పసివాణ్ణి చూశాడు. చీము గడ్డ అయితే ఒక వైపు వస్తుంది, కణితి అయినా ఒకచోట మొదలవుతుంది. ఇలా నాలుగు మూలలా ఒకేసారి ఎలా వస్తుంది? కొద్దిరోజులకే మరో ఊళ్ళో అటువంటి బిడ్డే కనబడింది, ఆ బిడ్డకు పొట్టలో కూడా గడ్డ. పాత రికార్డులు తిరగేస్తే అప్పటిదాకా దవడ గడ్డగా ఒకచోట, మూత్రపిండపు గడ్డగా ఒకచోట, అండాశయపు గడ్డగా ఇంకొకచోట వేర్వేరు పేర్లతో నమోదైనవన్నీ ఒకే జబ్బు అని అర్థమైంది. అది లింఫోమా అని కంపాలాలోనే ఉన్న పాథాలజిస్టు గ్రెగరీ ఓకానర్ నిర్ధారించాడు. 1961లో బర్కిట్ మరో ఇద్దరు వైద్యులతో పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి వేసుకొని, ఈ జబ్బు ఎక్కడెక్కడ ఉందో కనుక్కోవడానికి తూర్పు, మధ్య ఆఫ్రికాలలో దాదాపు 10,000 మైళ్ళు తిరిగాడు. మలేరియా ఎక్కువగా ఉన్న వేడి, తేమ ప్రాంతాల్లోనే ఈ జబ్బూ ఉన్నట్టు తేలింది.

అదే ఏడాది మార్చిలో లండన్‌లో బర్కిట్ ఇచ్చిన ఉపన్యాసానికి ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే పరిశోధకుడు వచ్చాడు. భౌగోళికంగా ఇలా విస్తరించిన జబ్బుకు వెనుక వైరస్ ఉండాలని అక్కడికక్కడే అనుకున్నాడు. ఆ తరువాత రెండేళ్ళకు పైగా కంపాలా నుంచి విమానంలో వచ్చిన గడ్డ ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వెదికితే ఏమీ కనబడలేదు. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల విమానం దారి మళ్ళి, ముక్క ఆలస్యంగా చేరింది. సీసాలోని ద్రవం మసకబారి ఉంది. బ్యాక్టీరియా పట్టి చెడిపోయిందని పారబోయడమే సహజం. ఎప్‌స్టీన్ పారబోయకుండా ఒక చుక్క తీసి చూశాడు. మసకకు కారణం బ్యాక్టీరియా కాదు. గడ్డ నుంచి విడివడి తేలుతున్న సజీవ కణాలు! వాటిని పెంచి, 1964లో బర్ట్ అచోంగ్, ఇవాన్ బార్‌లతో కలిసి వైరస్‌ను చూపించాడు. మనిషిలో అర్బుదానికి కారణమయ్యే వైరసుల్లో మొదట దొరికినది ఇదే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని పేరు పెట్టారు. సగటు మనిషి ఓర్పుకన్నా కొంచెం ఎక్కువ ఓర్పున్న అచోంగ్‌కు మాత్రం పేరులో చోటు దక్కలేదు.

ఇంతటి అపురూపమైన వైరస్ ఎక్కడో ఆఫ్రికా అడవుల్లో మాత్రమే ఉండేదయితే మన చర్చ ఇక్కడితో ముగిసేది. ఫిలడెల్ఫియాలో హెన్లే దంపతుల ప్రయోగశాలలో ఒక సహాయకురాలి రక్తంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు లేవు. ఆమెకు గొంతునొప్పి, జ్వరం, మెడబిళ్ళలతో కూడిన "ముద్దుజ్వరం" వచ్చి తగ్గింది. మళ్ళీ పరీక్షిస్తే యాంటీబాడీలు నిండుగా ఉన్నాయి. 1968లో ఆ సంగతి లోకానికి తెలిసింది. ఆ తరువాత వెదికిన కొద్దీ ఈ వైరస్ అందరిలోనూ కనబడింది. ప్రపంచంలో పెద్దవాళ్ళలో 100కి 90 మందికి పైగా దీన్ని మోస్తూనే ఉన్నారు. ఈ వ్యాసం చదువుతున్నవారిలో దాదాపు అందరిలోనూ ఉండి ఉంటుంది, రాస్తున్నవాడిలోనూ. మన దేశంలో చాలామందికి పసితనంలోనే, తల్లి ముద్దలు కలిపి పెట్టే వయసులోనే, ఏ లక్షణమూ లేకుండా వచ్చి చేరుతుంది; రక్తంలోని బి-కణాల్లో తలదాచుకొని జీవితాంతం ఉండిపోతుంది.

నిర్ధారణలోని మొదటి చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. అనుమానితుడు ఊరందరి ఇళ్ళలోనూ కాపురముంటున్నప్పుడు, ఒక ఇంట్లో వాడు కనబడ్డాడన్నది సాక్ష్యం కాదు. రక్తంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు ఉన్నాయని వచ్చే కాగితం లింఫోమా గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఆ కాగితం చూసి భయపడేవాళ్ళూ ఉన్నారు, "వైరల్ ఇన్‌ఫెక్షనే, తగ్గిపోతుంది" అని ధైర్యపడేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిదీ ఆధారం లేని వైఖరే. వైరస్ ఒంట్లో ఉందా అన్నది ప్రశ్న కాదు, గడ్డలోని ఆ చెడ్డ కణంలోనే ఉందా అన్నది ప్రశ్న. దానికి గడ్డముక్క కావాలి, ఈబర్ అనే ప్రత్యేక పరీక్షతో ఆ ముక్కలో వైరస్ ఆర్‌ఎన్‌ఏకు రంగు పట్టించి చూడాలి. గడ్డముక్క తీయకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

రెండో చిక్కు హాడ్జ్‌కిన్ గడ్డ నిర్మాణంలో ఉంది. మామూలు కణితిని కోస్తే అందులో ఎక్కువ భాగం కణితి కణాలే ఉంటాయి. హాడ్జ్‌కిన్ బిళ్ళలో అసలు చెడ్డ కణాలు ఎన్నోసార్లు నూటికి ఒకటి మాత్రమే. మిగిలినవన్నీ వాటి పిలుపుకు వచ్చి చుట్టూ మూగిన మామూలు రక్షక కణాలు. పెళ్ళిపందిట్లో దొంగను పట్టుకోవడం వంటిది ఇది. సన్నని సూది గుచ్చి నాలుగు కణాలు లాగితే పెళ్ళివారే వస్తారు గాని దొంగ రాడు. నివేదికలో "రియాక్టివ్" అని రాస్తారు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇంకా విషాదమేమిటంటే, హాడ్జ్‌కిన్ బిళ్ళల్లో ఒక్కోసారి క్షయలో కనబడే గ్రాన్యులోమాలు కూడా ఉంటాయి. సూదికి అవి తగిలితే "క్షయకు అనుకూలం" అని వస్తుంది. ఇక ఆ కాగితాన్ని ఎదిరించగల వైద్యుడు అరుదు.

ఎదిరించకపోవడానికి ఆయనకు న్యాయమైన కారణాలే ఉన్నాయి. లోకంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మెడబిళ్ళ కనబడితే ముందు క్షయ గుర్తుకు రావడం పొరపాటు కాదు, లెక్క. పైగా బిళ్ళల క్షయలో సూక్ష్మజీవులు తక్కువగా ఉంటాయి కాబట్టి, స్లైడు మీద అవి కనబడకపోయినా క్షయ కాదనలేము. అందువల్ల రుజువు లేకుండానే మందులు మొదలుపెట్టడం ఆచారమయింది. చికిత్స ఆరు నెలలు. ఆ మధ్యలో బిళ్ళలు తగ్గకపోగా పెరిగితే? అందుకూ ఒక సమాధానం సిద్ధంగా ఉంది: నిజమైన బిళ్ళల క్షయలో కూడా మందులు మొదలుపెట్టాక కొందరికి బిళ్ళలు కొంతకాలం పెరగడం తెలిసినదే. ఇలా ప్రతి మలుపులోనూ "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనడానికి పాఠ్యపుస్తకంలోనే ఆధారం దొరుకుతుంది. ఈ జబ్బు ఇంత చక్కగా వాదిస్తుందని ఎవరనుకుంటారు!

మా దగ్గరి బంధువుల పిల్లవాడికి పద్నాలుగో ఏట ఇదే జరిగింది. మెడమీద బిళ్ళ, సాయంత్రం జ్వరం, సూది పరీక్షలో ఏమీ తేలలేదు. ఏడు నెలలు క్షయమందులు వాడాడు. మధ్యలో ఆకలి లేదంటే ఇంకొకరు స్టెరాయిడ్ మాత్రలు రాశారు; బిళ్ళలు సగమయ్యాయి, జ్వరం పోయింది, ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేశారు. రెండు నెలలకు మళ్ళీ వచ్చాయి, ఈసారి చంకల్లో కూడా. చివరికి బిళ్ళను పూర్తిగా తీసి పరీక్షిస్తే హాడ్జ్‌కిన్. అప్పటికి కాలేయం దాకా పాకింది. పిల్లవాడు బ్రతికాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. అయితే తొలి దశలో దొరికివుంటే తక్కువ మందుతో పోయేదానికి, పెద్ద మోతాదులు రెండు విడతలుగా పడ్డాయి. తొలి దశలో దొరికి మంచి చికిత్స అందినవారిలో 100కి 90 మంది వరకు బ్రతికే జబ్బు ఇది. నయం కాని జబ్బులో ఆలస్యానికి దుఃఖం మాత్రమే ఉంటుంది. నయమయ్యే జబ్బులో దానికి లెక్క కూడా చెప్పవలసి ఉంటుంది.

స్టెరాయిడ్ల మాట వచ్చింది కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. లింఫోమా కణాలు స్టెరాయిడ్లకు తాత్కాలికంగా చచ్చిపోతాయి, గడ్డ కుంచించుకుపోతుంది. ఆ స్థితిలో బయాప్సీ చేసినా నిపుణుడైన పాథాలజిస్టుకు సైతం ఏమీ తేలకపోవచ్చు. అంటే ఆ మాత్ర జబ్బును తగ్గించడం లేదు, సాక్ష్యాన్ని తుడిచేస్తోంది. కారణం తెలియని బిళ్ళలున్న మనిషికి, ప్రాణాపాయపు అవసరమేదీ లేకుండా, ముక్క తీయకముందే స్టెరాయిడ్ ఇవ్వడం నా దృష్టిలో సమర్థించలేని పని. జ్వరానికీ ఆయాసానికీ ఒంటినొప్పులకూ ఆకలికీ ఆ మాత్రలను మన మందులషాపుల్లో చీటీ లేకుండా కూడా ఇచ్చేస్తున్నారని అందరికీ తెలుసు.

హెచ్.ఐ.వి. తోడయితే ఈ చిక్కుముడి మరింత బిగుస్తుంది. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. రక్షణ వ్యవస్థ కుంగినవారిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ కట్టు తెంచుకుంటుంది, లింఫోమాలు పెరుగుతాయి. సరిగ్గా వాళ్ళకే క్షయ కూడా ఎక్కువ. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. ఒకటి దొరికిందని రెండోదాన్ని వెదకడం మానేస్తే రుజువైన క్షయ కూడా రోగిని మోసం చేస్తుంది. మెదడులో గడ్డ కనబడితే మరీ కష్టం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్లనా, లింఫోమా వల్లనా అన్నది స్కానింగులో తేలక, మొదటిదానికి రెండు వారాలు మందిచ్చి చూడడం ఒప్పుకున్న పద్ధతే. "మందు వేసి చూద్దాం" అన్న మాటను నేను పూర్తిగా తోసిపుచ్చడం లేదన్నది ఇక్కడ గమనించాలి. అక్కడ గడువుంది. రెండు వారాల తరువాత ఏం చేయాలో ముందే రాసివుంది. మన మెడబిళ్ళకు లేనిది ఆ గడువే.

ఇంకొక రకం ఉంది, అందులో గడ్డముక్క తీసినా తీర్పు సులభం కాదు. జపాన్‌లోనూ, తూర్పు ఆసియాలోని ఇతర దేశాల్లోనూ ఎక్కువగా కనబడే దీర్ఘకాలిక చురుకైన ఎప్‌స్టీన్-బార్ జబ్బు అది. ఇందులో వైరస్ తన మామూలు నివాసమైన బి-కణాలు వదలి టి-కణాల్లో, ఎన్‌కె కణాల్లో చేరుతుంది. నెలల తరబడి జ్వరం, కాలేయపు వాపు, బిళ్ళలు. కొందరు పిల్లలకు దోమ కుడితే ఆ చోటు పుండై ఒళ్ళంతా జ్వరం కాగుతుంది. దోమకాటుకు అర్బుదంతో చుట్టరికం ఉంటుందని ఏ తల్లి ఊహించగలదు? ఏళ్ళు గడిచేకొద్దీ వీరిలో కొందరికి లింఫోమా వస్తుంది. ఏ రోజున అంటురోగం ముగిసి ఏ రోజున అర్బుదం మొదలైందన్న గీత ఎవరూ గీయలేరు. ఎన్నో కుదుళ్ళ నుంచి వచ్చిన కణాల గుంపు క్రమంగా కొన్ని కుదుళ్ళకు, చివరికి ఒకే కుదురుకు దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో 2017 నాటికే దీనికి లింఫోమాల పక్కన చోటిచ్చారు. జబ్బులకు మనం కట్టిన గదుల మధ్య గోడలు ప్రకృతికి తెలియవు.

తిరగబడిన పొరపాటు కూడా ఉంది. మామూలు ముద్దుజ్వరం వచ్చిన యువకుడి బిళ్ళను తొందరపడి కోసి చూస్తే అందులో రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలను పోలినవి కనబడవచ్చు. వయసూ, రక్తపరీక్షా, జ్వరం వచ్చి ఎన్నాళ్ళయిందీ తెలియని పాథాలజిస్టు దాన్ని అర్బుదమనుకునే ప్రమాదం ఉంది. అందుకే ముక్కతో పాటు కథ కూడా ల్యాబుకు వెళ్ళాలి. మన ఆసుపత్రుల్లో సీసామీద పేరూ వయసూ, కాగితం మీద "మెడబిళ్ళ" అన్న ఒక్క మాటా తప్ప ఇంకేమీ రాయకుండా పంపేవారే ఎక్కువని నాకు తెలిసిన పాథాలజిస్టులు వాపోతారు.

వైరస్ పేరు తెలుసుకుని ఏం లాభం, ఎలాగూ కీమోథెరపీయే కదా అనేవారికి 2002లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం చూపాలి. హెపటైటిస్ సి వైరస్‌తో పాటు ప్లీహపు లింఫోమా ఉన్న తొమ్మిదిమందికి ఆ వైరస్‌కే చికిత్స చేస్తే, ఏడుగురిలో వైరస్‌తో పాటు లింఫోమా కూడా పూర్తిగా కనుమరుగైంది. అదే లింఫోమా ఉండి వైరస్ లేనివారికి ఆ మందు పనిచేయలేదు. అన్ని వైరసులూ ఇంత మర్యాదగా వెళ్ళిపోవు, ఎప్‌స్టీన్-బార్ అసలే వెళ్ళదు. అయినా, కారణాన్ని వెదకడం పండితుల కాలక్షేపం కాదని చెప్పడానికి ఈ ఏడుగురు చాలు.

ఇక మన వైపు అడ్డంకి. "కత్తి పెడితే పాకుతుంది" అన్న నమ్మకం మన ఇళ్ళలో ఎంత గట్టిదో చెప్పనక్కరలేదు. మెడమీద మచ్చ పడితే ఆడపిల్లకు సంబంధాలు రావన్న భయం దానికి తోడు. బిళ్ళను తీసి పరీక్షించడం వల్ల లింఫోమా పాకదు. అది మొదటినుంచీ ఒళ్ళంతా తిరిగే కణాల జబ్బు. ఇది చెప్పడానికి ఓపీలో వైద్యుడికి దొరికే రెండు నిమిషాలు చాలవు. సూదితో పోయేదానికి కత్తెందుకని తండ్రి అడుగుతాడు, వైద్యుడు కూడా తగువెందుకని సూదికే ఒప్పుకుంటాడు.

ఇదంతా ఒక ప్రభుత్వ వైద్యుడైన మిత్రుడితో వాదిస్తే ఆయన అన్నమాట ఇది: "మీరు చెప్పినట్టు బిళ్ళ కనబడిన ప్రతివాణ్ణీ కోస్తే, మా ఆసుపత్రిలో వేరే పని జరగదు. పిల్లల మెడల్లో బిళ్ళలు నూటికి తొంభై వాటంతటవే పోతాయి." ఆయన అన్నది నిజం. నేనడుగుతున్నది ప్రతి బిళ్ళ గురించీ కాదు. నాలుగు నుంచి ఆరు వారాలు దాటినా తగ్గనిదీ, రెండు సెంటీమీటర్లు మించినదీ, ముఖ్యంగా కాలరెముక పైన ఉన్నదీ, చీము పట్టకుండా గట్టిగా రబ్బరులా తగిలేదీ. సుశ్రుతుడు చీము గుర్తును పట్టుకున్న చోటే మనమూ పట్టుకుని, అక్కడినుంచి ఒక అడుగు ముందుకు వేయమంటున్నాను. అటువంటి బిళ్ళకు క్షయమందులు మొదలుపెట్టవలసి వస్తే, మొదలుపెట్టిన రోజే చీటీమీద ఇంకొక తేదీ కూడా రాయాలి: ఆ రోజుకు తగ్గుముఖం పట్టకపోతే సూది కాదు, బిళ్ళను పూర్తిగా తీసి పంపాలి. మిత్రుడు కాసేపు ఆలోచించి, "తేదీ రాయడానికి మాకు అభ్యంతరం లేదు, ఆ తేదీకి రోగి మా దగ్గరికే తిరిగొస్తాడని మాత్రం హామీ లేదు" అన్నాడు. అందుకే ఆ తేదీ ఆసుపత్రి రిజిస్టరులో కాకుండా రోగి చేతిలోని చీటీమీద, తెలుగులో, ఇంటివాళ్ళు చదువుకోగలిగేలా ఉండాలంటాను.